తెరమీది మాట ఎవరిది?

చలనచిత్రం సమాజానికి దర్పణమని పెద్దలు అంటారు. ఆ దర్పణం ఎవరి చేతిలో ఉన్నదని గట్టిగా అడిగినవారిలో అమెరికాలోని నల్లజాతివారు ముఖ్యులు. 1915లో గ్రిఫిత్ తీసిన 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' నల్లవారిని క్రూరులుగా చిత్రించి, వారిని హింసించిన కు క్లక్స్ క్లాన్ ముఠాను కీర్తించింది. నల్లవారి ముఖ్యపాత్రలను పెక్కింటిని తెల్లవారే ముఖాలకు రంగు పూసుకొని ధరించారు. 1920లో ఆస్కార్ మిషో అనే నల్లజాతి దర్శకుడు 'విదిన్ అవర్ గేట్స్' చిత్రంలో ఆ హింసను బాధితుల కంటితో చూపాడు. ఈ రెండు చిత్రాలను ప్రక్కప్రక్కన ఉంచి పరిశీలిస్తే మూడు ప్రశ్నలు పుడతాయి. కథ ఎవరిది? చెప్పేది ఎవరు? పాత్ర ఎవరి మాట మాట్లాడుతున్నది?

ఇవే ప్రశ్నలతో మన సినిమాను చూద్దాం. 1938లో గూడవల్లి రామబ్రహ్మం, చలం కథతో 'మాలపిల్ల' తీసి అస్పృశ్యతను ఖండించారు. ఆనాటికి అది సాహసమే. అయినా కథ చెప్పినవారు ఆ వాడవారు కారు.

1980లో విడుదలైన 'మా భూమి'కి ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. నిర్మాతలు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్, దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ. దర్శకుడు పరప్రాంతీయుడైనప్పటికీ, పాత్రలు తెలంగాణ పల్లెమాట పలికాయి. బండి యాదగిరి పాటను గద్దర్ తెరమీద పాడారు. చెప్పేవాని పుట్టుక ఒక్కటే చాలదనీ, చెప్పబడేవారి గొంతుకు చోటివ్వడం ముఖ్యమనీ దీనివల్ల తెలుస్తున్నది. ఉర్దూలో పుట్టి తెలుగులో తెరకెక్కిన ఈ కథకన్న మన కళాశాలకు దగ్గరి ఉదాహరణ లేదు.

1946–51 నాటి ఆ రైతాంగ పోరాటానికి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలు కూడ రంగస్థలాలే. కాని ఇక్కడి హాళ్ళలో మేము చూచిన అనేక చిత్రాలలో మన యాస హాస్యగానికో రౌడీకో దక్కింది. ముస్లిం పాత్ర నాయకుని నమ్మినబంటుగానే మిగిలింది. అందరితోపాటు మేమూ నవ్వాము. తరువాత తరగతిలో నోరు విప్పబోతే, ఆ నవ్వే మా గొంతుకు అడ్డుపడింది.

మిషో చిత్రం దశాబ్దాలపాటు కనుమరుగై, స్పెయిన్‌లో లభించిన ప్రతినుండి 1993లో పునరుద్ధరింపబడింది. అందులోని స్పానిష్ వాక్యాలను తిరిగి ఇంగ్లీషులోకి మార్చుకోవలసివచ్చింది. మనకు ఆ గతి పట్టకముందే, నానీమా ఉర్దూలోను, అమ్మమ్మ తెలుగులోను చెప్పే సంగతులను వారి మాటలలోనే వ్రాసిపెట్టుకొందాం. రేపటి మన సినిమాకు అవే ఆధారం.