నోటిలెక్క: అంచనా ముందు, జవాబు తర్వాత

తెనాలి.

చి. సుజాతకు మావయ్య దీవించి రాయునది. బాపట్లలో రూము కుదిరిందనీ, బ్యాంకు పరీక్షకు కోచింగులో చేరావనీ తెలిసి చాలా సంతోషించాను. నువ్వు రెండు సంగతులడిగావు. నోటిలెక్క వేగంగా రావాలంటే ఏం చేయాలన్నది ఒకటి. రేపల్లెలో తమ్ముణ్ణి అబాకస్ క్లాసులో వేస్తే బుర్ర పదునెక్కుతుందా అన్నది రెండోది. డబ్బు కట్టే వ్యవహారం కాబట్టి ముందు రెండోదానికి జవాబు చెబుతాను.

అబాకస్‌లో పిల్లలు మొదట పూసల చట్రం మీద లెక్క నేర్చుకుంటారు. తర్వాత చట్రం పక్కన పెట్టి, పూసలు కదులుతున్నట్టు ఊహించుకుంటూ చేస్తారు. గుజరాత్‌లో వడోదరలోని ఒక బడిలో దీన్ని గట్టిగా పరీక్షించి చూశారు. 204 మంది పిల్లల్ని రెండు గుంపులు చేసి, మూడేళ్లపాటు ఒక గుంపుకు అబాకస్, రెండో గుంపుకు అదనంగా మామూలు లెక్కలు చెప్పారు. ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. అబాకస్ పిల్లలు లెక్కల్లో ముందుకెళ్లారు. తెలివితేటల్లోగానీ జ్ఞాపకశక్తిలోగానీ తేడా ఏమీ కనబడలేదు. దృశ్యాన్ని మనసులో నిలుపుకోగల నేర్పు ముందునుంచీ ఉన్న పిల్లలకే ఎక్కువ లాభం కలిగింది. కాబట్టి మీ అమ్మతో ఈ మాట చెప్పు: లెక్కలు బాగా రావాలని చేర్పిస్తే మంచిదే, అన్ని సబ్జెక్టుల్లోనూ ఫస్టు వస్తాడని ఆశపడి మాత్రం చేర్పించవద్దు.

హైదరాబాద్ కుర్రాడు నీలకంఠ భానుప్రకాశ్ సంగతి నువ్వు రాశావు. ఐదేళ్ల వయసులో ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి మంచాన పడ్డాడు. ఆ రోజుల్లో మెదడుకు పని కల్పించడానికి మొదలుపెట్టిన లెక్కలే అతన్ని 2020లో, ఇరవయ్యేళ్ల వయసులో, మైండ్ స్పోర్ట్స్ ఒలింపియాడ్ నోటిలెక్కల పోటీలో బంగారు పతకం దాకా తీసుకెళ్లాయి. చదివితే ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఒక్కరి కథ చూసి అందరికీ అంతే జరుగుతుందనుకోకూడదు.

అయితే నోటిలెక్క వల్ల లాభం లేదా అంటే, ఉంది. నలభై ఏళ్లు ధాన్యం మిల్లులో గుమాస్తాగా పద్దులు రాసిన అనుభవంతో చెబుతున్నాను. నోటిలెక్క చేసేటప్పుడు సగంలో వచ్చిన జవాబును మనసులో పట్టుకుని తర్వాతి మెట్టు ఎక్కాలి. ఆ కాసేపూ మనసు పక్కకు పోవడానికి వీల్లేదు. లెక్కంటే భయమున్నవాళ్లకు ఆ జవాబు నిలవాల్సిన చోటును భయమే ఆక్రమిస్తుంది, అందుకే వచ్చిన లెక్క కూడా తప్పుతుంది. రోజూ కాస్త చేస్తుంటే ఆ భయం తగ్గుతుంది. అన్నిటికన్నా పెద్ద లాభం, ఎవరు ఏ అంకె చెప్పినా అది నిజానికి దగ్గరగా ఉందో లేదో చప్పున తెలిసిపోవడం.

ఇక చేసే పద్ధతి. మీ నాన్నగారు 28 బస్తాల ధాన్యం అమ్మారనుకో. బస్తా 75 కిలోలు. 75 అంటే వందకు ముప్పావు. 28కి ముప్పావు 21, కాబట్టి 21 క్వింటాళ్లు. మా చిన్నప్పుడు పావు, అర, ముప్పావు ఎక్కాలు కూడా అప్పజెప్పించుకునేవారు, ఈ లెక్క కోసమే. 2025-26లో సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. వెంటనే గుణించడం మొదలుపెట్టకు. ముందు అంచనా కట్టు: 2,400 చొప్పున 21 క్వింటాళ్లంటే 50,400. అసలు జవాబు దానికి కాస్త తక్కువ ఉండాలి. ఇప్పుడు చెయ్యి: ఇరవై క్వింటాళ్లకు 47,380. ఇంకొక 2,369 కలిపితే 49,749. అంచనాకు దగ్గరగానే ఉంది. చివరి అంకె కూడా సరిచూడు: ఒకటీ తొమ్మిదీ గుణిస్తే తొమ్మిదే రావాలి, వచ్చింది.

కూడికను ఎడమ వైపునుంచి చెయ్యి. 478కి 356 కలపాలంటే ముందు మూడొందలు కలిపి 778, యాభై కలిపి 828, ఆరు కలిపి 834. కాగితం మీద ఒకట్ల స్థానం నుంచి మొదలుపెడతాం, నోటితో చేసేటప్పుడు వందల నుంచి మొదలుపెడితే మధ్యలో ఆగినా ఉజ్జాయింపు చేతిలో ఉంటుంది. శాతాలను తిరగేసి చూడు: 25లో 16 శాతం ఎంతో, 16లో 25 శాతం అంతే, నాలుగు. వడ్డీ మాట వస్తే, నూటికి నెలకు రూపాయిన్నర అంటే ఏడాదికి 18 శాతం. 72ను ఏడాది వడ్డీ శాతంతో భాగిస్తే అప్పు రెట్టింపయ్యే ఏళ్లు ఉజ్జాయింపుగా తెలుస్తాయి: 72ను 18తో భాగిస్తే నాలుగు. అంటే ఏటేటా వడ్డీని అసలులో కలుపుతూ పోతే నాలుగేళ్లలో అప్పు దాదాపు రెట్టింపవుతుంది. సంతకం పెట్టే ముందు ఈ ఒక్క భాగహారం చేసుకుంటే ఎన్నో కుటుంబాలు గట్టెక్కుతాయి.

నోటిలెక్క మనకు కొత్త విద్య కాదు. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఇప్పుడు మీ బాపట్ల జిల్లాలో ఉన్న పావులూరుకు ఆయన కరణమని చెబుతారు. చదరంగంలో 64 గళ్లకు ఒక గింజతో మొదలుపెట్టి గడిగడికీ రెట్టిస్తూ పోతే వచ్చే ఇరవై అంకెల మొత్తాన్ని ఒక పద్యంలో ఇమిడ్చాడు. పద్యం నోటికి వస్తే సంఖ్య కూడా వచ్చేసినట్టే.

ఇక నీ పరీక్ష సంగతి. బ్యాంకు ప్రిలిమ్స్‌లో 20 నిమిషాలకు 35 లెక్కలుంటే ఒక్కోదానికి దాదాపు 34 సెకన్లు. దానికోసం వంద చిట్కాలు బట్టీ పట్టకు. ఏ చిట్కా ఎందుకు పనిచేస్తుందో నీకు నువ్వు చెప్పుకోగలిగితేనే ఉంచుకో. ఇరవై దాకా ఎక్కాలు, ముప్పై దాకా వర్గాలు తడుముకోకుండా రావాలి. రోజూ పొద్దున్నే పావుగంట చాలు. సెలవులకు తెనాలిలో రేపల్లె బండి మారేటప్పుడు పెట్టెల మీది నంబర్లను కూడుతూ గుణిస్తూ కూర్చో. వేగం గురించి మొదటి నెల ఆలోచించకు. తప్పు లేకుండా చేయడం అలవాటైతే వేగం దానంతట అదే వస్తుంది. తమ్ముణ్ణి అబాకస్ క్లాసులో వేయకపోతే నువ్వే నేర్పు. ఫీజు మిగులుతుంది, నేర్పేవాళ్లకు ఇంకా బాగా వస్తుంది.

పెద్ద లెక్కలకు ఫోను వాడు, తప్పేం లేదు. కాకపోతే బటను నొక్కే ముందు జవాబు ఎంత ఉండొచ్చో మనసులో అనుకో. ఈ ఒక్క అలవాటు పరీక్షకే కాదు, రేపు బ్యాంకు కౌంటరులో కూర్చున్నాక కూడా నీకు అక్కరకొస్తుంది. వేళకు భోంచెయ్యి. అత్తయ్య నిన్ను అడిగినట్టు రాయమంది.

ఇట్లు,
మీ మావయ్య