ఇంటిలో మనీ ప్లాంటు పెంపకము

ఇటీవల పల్లెలలో కూడ ఇంటి వరండాలలోను, పంచాయతీ కార్యాలయముల కిటికీల దగ్గరను మనీ ప్లాంటు తీగ కనబడుచున్నది. దొంగిలించి తెచ్చి నాటినదే కలిసివచ్చునని కొందరి నమ్మకము. అడిగినచో పొరుగువారే మూరెడు తీగ ఇచ్చెదరు గనుక దొంగతనముతో పని లేదు. అయితే చాల ఇండ్లలో ఈ మొక్క కొద్ది నెలలకే కుళ్ళి చచ్చుచున్నది. దీనికి సాధారణ కారణము నీరు చాలకపోవుట కాదు, ఎక్కువగుట.

ఈ తీగ పసిఫిక్ మహాసముద్రములోని ఫ్రెంచి పోలినేషియాకు చెందిన మూరియా దీవిలో పుట్టినది. అడవిలో పెద్ద చెట్లకు ప్రాకి నీడన పెరుగును. కనుకనే ఇంటిలోని తక్కువ వెలుతురులో బ్రతుకగలదు. చెట్టుకు ప్రాకినపుడు ఆకు మూరెడు దాటి చీలికలు పడును. ఇంటిలో సాధారణముగ అరచేయంతకు మించదు. తూర్పు కిటికీ ప్రక్కన ఉంచుట మంచిది. వేసవి ఎండ నేరుగ తగిలిన ఆకు మాడును. మరీ చీకటిలో ఆకుపై పసుపు మచ్చలు పోయి పచ్చబడును.

తొలకరిలో రెండు మూడు కణుపులున్న ముక్కను కోసి, ఒక కణుపు మట్టిలో ఉండునట్లు నాటవలెను. కణుపు లేక ఆకు మాత్రమే నాటిన మొక్క రాదు. కుండీ అడుగున రంధ్రము తప్పనిసరి. నల్లరేగడి తడి విడువదు గనుక పనికిరాదు. ఎఱ్ఱమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, బాగుగ మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలిపిన చాలును. తరువాత నెలకొకసారి చెంచాడు వానపాముల ఎరువు వేసిన సరిపోవును. యూరియా అవసరము లేదు.

వరిమడికి నీరు పెట్టిన అలవాటుతో మన రైతులు కుండీకి కూడ రోజూ చెంబెడు నీరు పోయుదురు. మట్టిలోని ఖాళీలన్నియు నీటితో నిండినచో వేర్లకు గాలి అందదు. అప్పుడు శిలీంధ్రమును పోలిన పిథియం అను సూక్ష్మజీవి ప్రవేశించును. మిరప, పొగాకు నారుమళ్ళలో నారుకుళ్ళు తెగులు తెచ్చునది కూడ ఈ జాతిదే. వేరు కుళ్ళిన మొక్క నీరు పీల్చలేక వడలును. వడలినదని మరల నీరు పోయుదురు, దానితో చచ్చును. కనుక వడలిన మొక్కను చూడగనే చెంబు పట్టుకొనక, వ్రేలు రెండంగుళములు మట్టిలో దించి చూడవలెను. పొడిగ ఉన్న నీరు పోయవలెను. తడిగ ఉండి, క్రింది ఆకులు పసుపై, కాండము మెత్తబడి నల్లనైనచో అది కుళ్ళు. గట్టిగ ఉన్న కొసలను కోసి క్రొత్త మట్టిలో నాటుకొనుటయే దారి. వేసవిలో మూడు నాలుగు రోజులకు, చలికాలములో వారము పది రోజులకు ఒక తడి చాలును.

సీసా నీటిలో బ్రతుకుచున్నది గదా యని అడుగవచ్చును. నీటిలో తొడిగిన వేర్లు ఆ స్థితికి అలవాటు పడి ఉండును. అయితే సీసాతో వచ్చు ప్రమాదము మొక్కకు కాదు, మనుష్యులకు. డెంగీ, చికున్‌గున్యా జ్వరములను వ్యాపింపజేయు ఏడిస్ దోమ ఇట్టి నిలువనీటి పాత్రలలోనే గుడ్లు పెట్టును. గుడ్డు దోమ యగుటకు వారము పది రోజులు చాలును. గుడ్లు నీటి అంచున గోడకు అంటుకొని, ఎండినను నెలల తరబడి బ్రతుకును. కనుక నీరు మార్చిన చాలదు; వారమునకొకసారి సీసా లోపలి గోడను బ్రష్షుతో రుద్ది కడిగి, మూతిని కాండము చుట్టు దూదితో మూయవలెను. ఊరిలోని నీటితొట్లను తనిఖీ చేయు పంచాయతీ కార్యదర్శి బల్లపైనే ఇట్టి సీసా ఉండుట కద్దు. కార్యాలయములలో సీసా మాని కుండీ పెట్టుటయే మేలు.

ఈ మొక్క చేమ, కంద కుటుంబములోనిది. పచ్చి కంద గొంతు గీరుటకు కారణమైన కాల్షియం ఆక్సలేటు సూదులే దీని ఆకులోను ఉన్నవి. పాకు పిల్లలకు, దూడలకు, మేకపిల్లలకు అందనంత ఎత్తున కట్టవలెను. బిడ్డ ఆకు నమలినచో నోరు తుడిచి, కడిగి, చల్లని నీరు గాని పాలు గాని త్రాగింపవలెను. నాలుక వాచినను, ఊపిరి కష్టమైనను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

పిండినల్లి పట్టినచో సబ్బునీటిలో ముంచిన దూదితో తుడిచివేయవలెను. చేలో మిగిలిన పురుగుమందును ఇంటిలోని మొక్కపై ఎట్టి పరిస్థితిలోను చల్లరాదు.