శ్రమదానములో ఎవరు వంగవలెను?

పాఠ్యభాగము: నెహెమ్యా 3, 4, 5 అధ్యాయములు



గత సంవత్సరము వర్షకాలము వెడలిన పిమ్మట నేను మా సంఘములో ఒక ప్రకటన చేసితిని. సమాధుల తోటకు పోవు దారిని సర్కారు తుమ్మ కమ్మివేసినది. పెట్టెను మోయువారి భుజములు ముండ్లకు గీరుకొనుచున్నవి. దేవాలయము ప్రక్కనున్న మురుగు కాలువ పూడిపోయి, నీరు నిలిచి, దోమలు పెరిగినవి. కావున శనివారము సాయంకాలము అందరును పారలు, తట్టలు తీసికొని రావలెననియు, ఇది దేవుని సేవయే గాక శరీరమునకు మంచి వ్యాయామమనియు చెప్పితిని.

ఆరాధన ముగిసిన తరువాత ఒక వృద్ధురాలు నా యొద్దకు వచ్చెను. నాట్లలోను కోతలలోను వంగి వంగి, ఇప్పుడు నడుము నిలువని తల్లి. “అయ్యగారండీ, పొద్దంతా చేలో వంగే ఉంటాం. సాయంత్రం కూడా మమ్మల్నే వంగమంటారా? వ్యాయామం మాకు తక్కువైందా అండీ?” అని మెల్లగా అడిగెను.

నాకు జవాబు దొరకలేదు. ఆ నెలలోనే రక్తపరీక్ష చేయించుకొనగా, చక్కెర హద్దు దాకా వచ్చినదనియు, ఒళ్లు వంచి నడవవలెననియు డాక్టరుగారు నాతో చెప్పిరి. మోటారు సైకిలు దిగని కాపరి, నడుము నిలువని కూలితల్లికి వ్యాయామమును గూర్చి బోధించెను! నేను సిగ్గుపడి నెహెమ్యా గ్రంథమును మరల తెరచితిని. అక్కడ నేర్చుకొనిన మూడు సంగతులు మీతో పంచుకొనుచున్నాను.

1. పని అందరికిని పంచబడెను

నెహెమ్యా 3వ అధ్యాయమును మనము తరచుగా పేర్ల జాబితా అనుకొని దాటిపోవుదుము. నిదానముగా చదివినచో అది ఒక ఊరి శ్రమదానపు లెక్క. మొదట లేచినవారెవరు? ప్రధానయాజకుడును అతని సహోదరులైన యాజకులును. వారు గొఱ్ఱెల గుమ్మమును కట్టిరి. తరువాత కంసాలులు, సుగంధద్రవ్యములు చేయువారు, వర్తకులు వచ్చిరి. సుత్తెతో సన్నని పని చేయు చేతులు ఆ దినములలో రాళ్లు మోసినవి. 12వ వచనములో షల్లూము అను అధిపతితో కూడ అతని కుమార్తెలును పనిచేసిరని యున్నది. పలువురు తమ తమ యిండ్ల ఎదుట నున్న భాగమును బాగుచేసిరి.

అయితే 5వ వచనములో ఒక విచారకరమైన మాట యున్నది. తెకోవ ఊరివారు వచ్చిరి గాని, వారిలోని గొప్పవారు పనికి మెడ వంచలేదు. ఇన్ని శతాబ్దముల తరువాత కూడ ఆ సంగతి వ్రాయబడియే యున్నది. మన ఊరి పని పుస్తకములో మన పేరు ఏ వరుసలో వ్రాయబడునో ఆలోచించుకొందము.

2. మోయువారి బలము తగ్గిపోయెను

4వ అధ్యాయము 10వ వచనములో యూదావారు తమ కష్టమును చెప్పుకొనుచున్నారు. చెత్త విస్తారముగా నున్నది, బరువులు మోయువారి బలము తగ్గిపోవుచున్నది. 5వ అధ్యాయములో బీదల మొఱ్ఱ ఇంకను పెద్దదాయెను. తిండికొరకు పొలములు కుదువబెట్టితిమి, మా పిల్లలు దాసులగుచున్నారు అని వారు ఏడ్చిరి. నెహెమ్యా వారిని సోమరులని గద్దింపలేదు. పెద్దలను నిలువబెట్టి అడిగి, పొలములను తిరిగి ఇప్పించెను. తాను అధికారిగా నున్న 12 సంవత్సరములు అధికారికి రావలసిన భత్యమును తీసికొనలేదు. తానును తన పనివారును గోడపని చేసిరి.

మన పల్లెలలో ఈ మాట మరి లోతుగా తగులును. కూలి లేకుండ పెత్తందారుల యింట పనిచేయు వెట్టిని మన తాతలనేకులు ఎరుగుదురు. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 23వ అధికరణములో వెట్టిని నిషేధించెను. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చెను. దానము ఇష్టపూర్వకమైనది, వెట్టి బలవంతపుది. ఒకడు కుర్చీలో కూర్చుండి, ఎప్పుడును వంగువానినే మరల వంగుమనినచో, దానికి శ్రమదానమని పేరు పెట్టినను అది వెట్టికి చుట్టమే. ఇతరుల భుజములమీద బరువులు పెట్టి తాము వ్రేలైనను కదపని బోధకులను మన ప్రభువు ఎట్లు గద్దించెనో మత్తయి 23వ అధ్యాయములో చదువుడి. ఆ వచనము మొదట నాకే తగిలెను.

3. శరీరము దేవుని ఆలయము

శరీర సాధకమునకు కొంత ప్రయోజనము కలదని పౌలు తిమోతికి వ్రాసెను (1 తిమోతి 4:8). భక్తి అంతకంటె గొప్పదనెను గాని, సాధకము వ్యర్థమనలేదు. మన దేహము పరిశుద్ధాత్మకు ఆలయమని కొరింథీయులకు తెలిపెను. ఆలయము గోడలు పగులుచుండగా ఊరకుండుట భక్తి కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలలో పెద్దవారు వారమునకు కనీసము 150 నిమిషములు ఊపిరి కొంచెము వేగమగునట్లు శ్రమించవలెననియు, కండరములకు బలమిచ్చు పని 2 దినములైనను చేయవలెననియు చెప్పెను. ఇంగ్లాండులో 1990ల చివర విలియం బర్డ్ అను వైద్యుడు ఒక స్వచ్ఛంద సంస్థతో కలిసి “గ్రీన్ జిమ్” అను ఏర్పాటును ఆరంభించెను. ఊరివారు గుంపుగా కూడి, మొదట ఒళ్లు సడలించుకొని, పిమ్మట త్రవ్వుట, పొదలు నరుకుట, చెట్లు నాటుట చేయుదురు. నడుమ టీ త్రాగి మాటలాడుకొందురు. ఊరికి మేలు, ఒంటికిని మేలు.

అయితే ఈ ఔషధము కూర్చుండువారికి. ఉపాధ్యాయులకు, ఉద్యోగస్థులకు, దుకాణదారులకు, ట్రాక్టరు మీద తిరుగు రైతులకు, ఫోను పట్టుకొని కూర్చుండు యౌవనస్థులకు, నావంటి కాపరులకు. దినమెల్ల బరువులు మోయు కూలివారికి కావలసినది వేరు. విశ్రాంతి లేని శ్రమ వ్యాయామమంత మేలు చేయదని పరిశోధకులు గమనించుచున్నారు. వారికి మంచి ఆహారము, నిద్ర, న్యాయమైన కూలి కావలెను. అలసిన శిష్యులను ప్రభువు ఏకాంతముగా అలసట తీర్చుకొనుటకు రమ్మని పిలువలేదా? (మార్కు 6:31)

మేము చేసిన ఏర్పాటు

తరువాతి ఆదివారము నేను సంఘమును క్షమాపణ అడిగి, ప్రకటనను మార్చితిని. కూర్చుండి పనిచేయువారు మొదట రావలెను. కూలివారు రానక్కరలేదు, వచ్చినచో తేలిక పని. వారమునకు రెండు ఉదయములు, ఒక్కొక్కటి గంటంబావు. రెండును కలిపి 150 నిమిషములు. ఈ నియమములు పెట్టుకొంటిమి:

మొదట పది నిమిషములు నడచి ఒళ్లు వేడెక్కించుకొనవలెను.

తట్ట సగమే నింపవలెను. ఎత్తునప్పుడు నడుము గాక మోకాళ్లు వంచవలెను.

చెప్పులు లేక బూట్లు లేనిదే ముండ్లలో అడుగు పెట్టరాదు. చక్కెర వ్యాధి గలవారి పాదములకు చిన్న ముల్లును ప్రమాదమే. పొదలలో పాములుండును గనుక ముందు కఱ్ఱతో తట్టి చూడవలెను. ధనుర్వాతపు సూది వేయించుకొని యుండవలెను.

చక్కెరకు మందులు వాడువారు పరగడుపున పనికి దిగరాదు. జేబులో బెల్లపు ముక్క ఉంచుకొనవలెను.

గుండెజబ్బు, రక్తపోటు గలవారు డాక్టరుగారిని అడిగి రావలెను. రొమ్ములో నొప్పి, తల తిరుగుట, ఊపిరి ఆడకుండుట కలిగినచో వెంటనే పని మాని ఆసుపత్రికి పోవలెను.

ఎండ ముదరక ముందే ముగించి, మజ్జిగ త్రాగి, ప్రార్థించి వెళ్లవలెను.

మొదటి దినమున వచ్చినవారు తొమ్మండుగురే. అరగంటకే నా అరచేతులు బొబ్బలెక్కెను. ఆ వృద్ధురాలు పనికి రానక్కరలేకున్నను వచ్చి, చెట్టు నీడను నిలిచి చూచి, “పార అట్లా పట్టకూడదండి అయ్యగారూ” అని నవ్వి, నాకును బడిపంతులుగారికిని పార పట్టుట నేర్పెను. ఆ ఉదయము ఆమె బోధకురాలు, నేను విద్యార్థిని. కొందరు పెద్దలు ఇంకను రాలేదు. యెరూషలేములో వలెనే పని వారికొరకు ఆగలేదు. యెరూషలేము గోడ 52 దినములలో ముగిసెను. మా దారి ఆరు వారములలో తెరచుకొనెను. ఇప్పుడు పెట్టెను మోయువారు ముండ్లు తగలకుండ నడచుచున్నారు.

సంఘములో చర్చించుటకు ప్రశ్నలు

1. మన ఊరిలో అందరికిని అక్కరయైన పని ఏది? మన యింటి యెదుట నున్న భాగము ఏది?

2. మన సంఘములో ఎప్పుడును వంగువారెవరు? ఎన్నడును వంగనివారెవరు?

3. అలసినవారికి విశ్రాంతి దొరకునట్లు మనము ఏమి చేయగలము?

ప్రార్థన: పాదములు కడుగుటకు వంగిన ప్రభువా, వంగని మా నడుములను వంచుము. వంగి అలసిన నడుములను లేవనెత్తుము. ఆమేన్.