విశ్రాంతిలో గుండె వేగం: 100 దాటితే?

పెద్దవారిలో విశ్రాంతి గుండె వేగం నిమిషానికి 60–100. 100 దాటితే టాకికార్డియా, 60 కన్నా తగ్గితే బ్రాడీకార్డియా. పోటీ పరీక్షల్లో ఈ రెంటినీ తారుమారు చేసి అడుగుతారు, జాగ్రత్త.

పరీక్షకు ఇవి కూడా గుర్తుంచుకోండి. గుండె లయారంభకం (పేస్‌మేకర్): కుడి కర్ణికలోని సిరాకర్ణికా కణుపు. స్టెతస్కోప్: లెనెక్, 1816. ఈసీజీకి నోబెల్: ఐంథోవెన్, 1924.

వేగం 100 దాటడానికి కారణాలు: జ్వరం, రక్తహీనత, థైరాయిడ్ అతిస్రావం, ఆందోళన, పొగాకు. పల్నాడులో (జిల్లా ఏర్పాటు 2022 ఏప్రిల్ 4, కేంద్రం నరసరావుపేట) వేసవి నిర్జలీకరణాన్ని ముందు గుర్తుపెట్టుకోవాలి. ఈ జిల్లాలోని రెంటచింతల ఎండలు తెలిసినవే. చెమటతో నీరు, లవణాలు పోతే రక్త పరిమాణం తగ్గుతుంది. రక్తపోటు పడిపోకుండా గుండె వేగం పెంచుతుంది. మిరప కోత నుంచి రాగానే నాడి చూస్తే లెక్క తప్పుతుంది. నీడలో కాసేపు కూర్చున్నాక, మణికట్టు వద్ద బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి 60 సెకన్లు లెక్కించాలి.

ఛాతీ నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం తోడైతే ఆలస్యం వద్దు, 108 అంబులెన్సుకు (ప్రారంభం: 2005 ఆగస్టు 15) ఫోన్ చేయాలి. ఇవేవీ లేకున్నా వేగం రోజుల తరబడి 100 పైనే ఉంటే డాక్టరును కలవాలి. ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు సాధారణంగా రాస్తారు.

పరీక్షకు తప్పక చదవాల్సినవి: ప్రజారోగ్యం, రాజ్యాంగం 47వ అధికరణ; రాష్ట్ర జాబితా అంశం. ప్రపంచ హృదయ దినం, సెప్టెంబరు 29.

టీ మీద టీ తాగుతూ రాత్రంతా చదివే అభ్యర్థులు ఈరోజే ఒకసారి నాడి చూసుకోండి.