మంట తియ్యడం నేర్చుకో బిడ్డా

హనుమకొండ

బుజ్జీ,

మీ అమ్మ ఫోన్ చేసింది. కొత్తింట్లో టైల్స్ పని అయిపోయిందట. గృహప్రవేశానికి హాల్లో పెట్టేందుకు నీ చేత్తో రాగి గడియారం చేసి తెస్తానన్నావట. రేకును కాల్చి, నీలం, వంగపండు రంగులు తెప్పిస్తావట. విని ఎంత సంతోషమేసిందో! ఆ వెంటనే రెండో ముక్క చెప్పింది, అదంతా మీ అద్దె ఫ్లాటులో గ్యాస్ పొయ్యి మీదేనని. అందుకే ఈ ఉత్తరం. ఫోనులో చెబితే ఊకొట్టి మర్చిపోతావు. కాగితమైతే పని మొదలుపెట్టే ముందు ఒకసారి తీసి చూస్తావు.

చిన్నప్పుడు నిన్ను పెంబర్తి తీసుకెళ్లాను, నీకు గుర్తుందో లేదో. జనగామ దగ్గర, రోడ్డు పక్కనే ఉంటుంది. గుళ్లకూ రథాలకూ ఇత్తడి, రాగి రేకుల తొడుగులు చేసే ఊరు. రేకును లక్క మీద పరిచి, ఉలితో సుత్తితో బొమ్మ లేపుతారు. దెబ్బలు తినేకొద్దీ లోహం గట్టిపడి మొండికేస్తుంది. అప్పుడు దాన్ని కాల్చి మళ్లీ మెత్తబరుస్తారు. అలా కాల్చేటప్పుడు చూడాలి బిడ్డా! రాగి ఎర్రబడకముందే మంట చుట్టూ నారింజ, గులాబి, నీలం వలయాలు లేచి అంచుల దాకా పరుగెత్తిపోతాయి. ఆ వెనకే రేకంతా నల్లబడుతుంది. ఆ నలుపును పులుపులో వేసి, తోమి, కడిగేసి మళ్లీ పనికి కూర్చుంటారు. వాళ్లకు కావలసింది మెత్తదనం. దారిలో వచ్చిపోయే రంగులతో వాళ్లకు పని లేదు. నువ్వేమో సరిగ్గా ఆ వచ్చిపోయేదాన్నే పట్టుకుని గోడకు తగిలిస్తానంటున్నావు. మంచి కోరికే. అందుకు చెయ్యి వాళ్లకంటే ముందే ఆగడం నేర్చుకోవాలి.

అసలు ఆ రంగు ఎక్కడిదో తెలుసుకో. వేడెక్కిన రాగి గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. పైన కొన్ని పదుల నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర కడుతుంది. ఆ పొర మీది నుంచి కొంత వెలుగు, దాని అడుగున ఉన్న రాగి నుంచి కొంత వెలుగు తిరిగివచ్చి కలుస్తాయి. వానకు తడిసిన రోడ్డు మీద పెట్రోలు చుక్క పడితే రంగులు తేలతాయి చూడు, ఇదీ అలాంటిదే. పొర మందం పెరిగేకొద్దీ రంగు మారుతుంది. ముందు నారింజ, తర్వాత గులాబి ఎరుపు, వంగపండు, నీలం, ఆ పైన వెలిసిన వెండి పసుపు. ఇంకా కాలిస్తే మరోసారి ఎర్రటి ఛాయలు వచ్చి, చివరికి నల్లటి పొలుసు కడుతుంది.

రాగి వేడిని పాకించడంలో ఇనుముకు ఐదు రెట్లు. గ్యాస్ టార్చ్ మంట ఒక మూల చూపిస్తే పక్క మూల కూడా వేడెక్కుతుంది. టార్చ్ తీసేశాక కూడా వేడి కాసేపు నిలుస్తుంది, రంగు ముందుకు నడుస్తూనే ఉంటుంది. నీలం కావాలంటే నీలం వచ్చేదాకా కూర్చోకు. వంగపండు రంగు కనిపించగానే మంట తియ్యి. 'ఇంకొంచెం, ఇంకొంచెం' అనే నీ తొందర నాకు తెలుసు. ఈ పనిలో ఆ ఇంకొంచెమే రంగును తినేస్తుంది. కోప్పడకు, నీ మంచికే చెబుతున్నా.

రేకు 22 గేజి తీసుకో, 0.7 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. 30 సెంటీమీటర్ల బిళ్ల కోస్తే 440 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది, గోడకు బరువు కాదు. కొన్ని రేకుల మీద ప్లాస్టిక్ పొరో లక్కరో ఉంటుంది, ముందే తీసెయ్యి. కోత, ఆకురాయి పని, రంధ్రం, గంటల గుర్తులు అన్నీ రంగుకు ముందే అయిపోవాలి. రంగు వచ్చాక ఏ పనిముట్టు తగిలినా గీత పడుతుంది. రంధ్రం వేసేటప్పుడు కింద చెక్క పెట్టి, రేకును బిగించి, సన్నని బిట్‌తో మొదలుపెట్టు. వదులుగా ఉంటే బిట్ పట్టుకుని రేకు గిర్రున తిరిగి వేళ్లు కోస్తుంది. రంధ్రం ఎంతో నువ్వు కొన్న గడియారం మెషీన్ మర కొలిచి చూసుకో.

గంటల గుర్తులకు కొలబద్దతో కుస్తీ పట్టకు. వృత్తం గీసిన కంపాసును అదే వెడల్పుతో అంచు వెంట నడిపిస్తే సరిగ్గా ఆరు గుర్తులు పడతాయి. ఒక్కో జాగాను సగం చెయ్యి, పన్నెండయ్యాయి. ఆ చోట్ల వెనక నుంచి పంచ్‌తో చిన్న బొడిపెలు లేపితే పెంబర్తి వాళ్లు చూసినా మెచ్చుకుంటారు.

ఆ తర్వాత శుభ్రం. సన్న ఎమెరీ కాగితంతో ఒకే దిక్కుకు రుద్ది, నిమ్మకాయా ఉప్పూ పట్టించి, సబ్బుతో కడుగు. నీళ్లు పోస్తే బొట్లుగా విడిపోకుండా రేకంతా పరుచుకోవాలి. విడిపోతే ఇంకా జిడ్డుందన్నమాట. ఇక వట్టి చేత్తో ముట్టుకోకు. నీ వేలిముద్ర రంగులో అచ్చుగుద్దినట్టు తేలుతుంది.

వంటింట్లో మాత్రం వద్దు. అంత వెడల్పు రేకు పొయ్యి మంటను కిందికే తిప్పికొడుతుంది, కిందేమో రబ్బరు గొట్టం. సిలిండర్‌ను కదిలించే ప్రయోగాలు అసలు వద్దు. కాస్త పెద్ద టార్చ్ కొను, ఆరుబయట, గాలి విసరని నీడలో, ఇటుకల మీద పెట్టి చెయ్యి. ఎండలో మెరుపుకు రంగు తెలియదు. రేకును నిలబెట్టి వెనక నుంచి కాలిస్తే ముందువైపు రంగు నడక కళ్లారా చూడొచ్చు. జుట్టు ముడెయ్యి, చున్నీ తీసెయ్యి, నూలు బట్టలు కట్టుకో, కళ్లద్దాలు పెట్టుకో, పక్కన బకెట్ నీళ్లుంచుకో. రంగు తేలే వేడికి రాగి ఎర్రగా మెరవదు బిడ్డా. చల్లగా ఉన్నట్టే కనిపించి చెయ్యి కాలుస్తుంది. పట్టకారు లేకుండా ముట్టుకోవద్దు. నీళ్లలో ముంచొద్దు, పలచని రేకు వంకర పోతుంది. దానంతటదే ఆరనివ్వు.

పూర్తిగా చల్లారాకే, టార్చ్‌కు దూరంగా, పారదర్శక లక్కర్ పలచగా రెండు మూడు సార్లు కొట్టు. లక్కర్ పడగానే రంగు కొంచెం మారుతుంది, నీలాలు మసకబారొచ్చు. తుక్కు ముక్క మీద ముందే చూసుకో. నచ్చకపోతే తేనెమైనం రుద్దు. అన్నిటికంటే చివర గడియారం మెషీన్. అందులో క్వార్ట్జ్ సెకనుకు 32,768 సార్లు కంపిస్తూ కాలం లెక్కపెడుతుంది, దానికి వేడి తగలకూడదు. ముళ్లు తేలికపాటి అల్యూమినియంవి, తెల్లవి పెట్టు. రాగితో పెద్ద ముళ్లు చేస్తే మామూలు మెషీన్ మొయ్యలేదు. నల్లవి పెడితే ముదురు నీలం మీద కనిపించవు. మీ నాన్న కళ్లద్దాలు లేకుండా సోఫాలోంచి టైం చూడగలగాలి.

అమ్మతో మాత్రం ముందే చెప్పు. రాగి కనిపిస్తే తనకు చింతపండు గుర్తొస్తుంది. లక్కర్ గీరుకున్నచోట ఒక్కసారి తోమిందా, నీ రంగు కాలవ పాలు. మెత్తటి పొడిగుడ్డ చాలు.

పాడైతే ఏడుస్తూ కూర్చోకు. నిమ్మకాయతో తోమితే రాగి మళ్లీ మామూలైపోతుంది, మరోసారి కాల్చుకోవచ్చు. అయినా ముందు తుక్కు ముక్కల మీద చెయ్యి ఆడనివ్వు. ప్రతి ముక్క వెనక ఎంత దూరం నుంచి, ఎంతసేపు కాల్చావో రాసిపెట్టు. అవే నీకు పాఠాలు. ఎంత రేకు పట్టినా డబ్బులు నేనిస్తాను, అమ్మానాన్నలను అడగకు. పెద్ద బిళ్ల కాల్చే రోజు నిశ్చయించుకున్నాక నాకు చెప్పు. బస్సెక్కి వస్తాను. నీ పనికి అడ్డురాను, పక్కన నిలబడి 'ఇక తియ్యి' అంటాను, అంతే.

ప్రేమతో,
నీ మామయ్య