పేగుల మెలి – సడలించే మందులు

పరీక్షల టైంటేబుల్ నోటీసు బోర్డు ఎక్కిన నాటినుంచీ కొందరు విద్యార్థుల పొట్టలో అలజడి మొదలవుతుంది. పొద్దున్నే రెండు మూడుసార్లు దొడ్డికి వెళ్ళాలి, హాలుకి బయల్దేరే ముందు ఇంకోసారి. పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి; విరేచనమైతే కాస్త సర్దుకుంటుంది. మరికొందరిది ఇందుకు విరుద్ధం. నాలుగు రోజులు బిగదీసుకుపోయి, అయిదోనాడు ఒక్కసారిగా వదులవుతుంది. పరీక్షలన్నీ చేయిస్తే డాక్టరుగారు "ఏమీ లేదు" అంటారు. ఏమీ లేకపోతే మరి యీ నొప్పి ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

ఇలాంటి వారు నరసరావుపేటలోనో, మాచర్లలోనో, గురజాలలోనో మందుల షాపుకి వెళ్ళి "కడుపునొప్పి బిళ్ళ" అడుగుతారు. వారి చేతికి వచ్చే బిళ్ళల్లో చాలావాటిలో వుండేది పేగుల బిగువును సడలించే మందు. దానికే ఆంటీస్పాస్మోడిక్ అని పేరు. ఆ మందు ఏం చేస్తుంది, ఏం చెయ్యదు, మన పల్నాడులో దాన్ని వాడేవారు ప్రత్యేకంగా ఏం గుర్తుంచుకోవాలి అన్నదే యీ వ్యాసంలోని విషయం.

జబ్బు స్వరూపం

యీ జబ్బు పేరు ఇరిటబుల్ బవుల్ సిండ్రోమ్, క్లుప్తంగా ఐ.బి.ఎస్. ఇది కొత్తది కాదు. ఒకే మనిషికి కొన్నాళ్ళు మలబద్ధకం, కొన్నాళ్ళు విరేచనాలు కలగడాన్ని విలియం కమ్మింగ్ అనే వైద్యుడు 1849లోనే లండన్ మెడికల్ గెజెట్‌లో వర్ణించాడు. 2016లో ప్రకటించిన రోమ్ ప్రమాణాల ప్రకారం, గడచిన 3 నెలల్లో సగటున వారానికి కనీసం ఒకరోజు కడుపునొప్పి వుండాలి. అది మొదలై 6 నెలలైనా అయివుండాలి. ఆ నొప్పికి విరేచనంతో సంబంధం వుండడం, ఎన్నిసార్లు వెళ్ళాలో ఆ లెక్క మారడం, మలం గట్టితనంలో మార్పు రావడం – యీ మూడింటిలో రెండైనా కనబడాలి.

ఇందులో పేగుకి పుండు వుండదు, వాపు వుండదు. తేడా అంతా పేగు పనితీరులోనే. మన పేగుల గోడల్లో కోట్లాది నరాల కణాలు వున్నాయి. అవి మెదడుతో నిత్యం కబుర్లాడుతూ వుంటాయి. యీ జబ్బులో ఆ నరాలు అతిగా స్పందిస్తాయి. ఇతరులకు తెలియనైనా తెలియని కొద్దిపాటి గాలికే వీరికి నొప్పి పుడుతుంది. భయం, ఆందోళన దాన్ని ఇంకా పెంచుతాయి. తీవ్రమైన వాంతులు విరేచనాలు అయి తగ్గిన వారిలో సుమారు పదిమందికి ఒకరికి ఆ తర్వాత ఐ.బి.ఎస్. పట్టుకుంటుంది. అంచేత "అంతా నీ భ్రమ" అని రోగిని కసురుకోవడం శాస్త్రం కాదు, న్యాయమూ కాదు.

మందు పనిచేసే తీరు

పేగు గోడలోని కండరం ముడుచుకుంటూ సడలుతూ ఆహారాన్ని ముందుకు నెడుతుంది. నరం కొసనుంచి అసిటైల్ కోలిన్ అనే రసాయనం వెలువడి కండరం మీది గ్రాహకాన్ని తాకితే, కండరకణంలోకి కాల్షియం చేరి అది ముడుచుకుంటుంది. ముడుపు మరీ బిగుసుకుంటే అదే మెలి, అదే నొప్పి.

యీ సంగతి మన ప్రాంతం వారికి తేలిగ్గా బోధపడే ఉదాహరణ ఒకటి వుంది. పత్తికీ మిరపకీ కొట్టే పురుగుమందుల్లో ఆర్గానోఫాస్ఫరస్ జాతివి ఒంట్లోకి పోతే, అసిటైల్ కోలిన్‌ను ఎప్పటికప్పుడు విరిచేసే ఎంజైము పనిచెయ్యడం మానేస్తుంది. అప్పుడు ఆ రసాయనం పేరుకుపోయి కడుపు మెలిపెడుతుంది, విరేచనాలవుతాయి, నోట చొంగ కారుతుంది, చెమటలు పోస్తాయి, కంటిపాప సూదిమొనలా చిన్నదవుతుంది. దానికి ఆస్పత్రిలో ఇచ్చే విరుగుడు అట్రోపిన్. అది గ్రాహకానికి అడ్డంపడి అసిటైల్ కోలిన్‌ను తాకనివ్వదు. కడుపునొప్పి బిళ్ళలోని డైసైక్లోమిన్ కూడా దాదాపు యీ పద్ధతిలోనే పనిచేస్తుంది, కాకపోతే దాని బలం తక్కువ. మన దిబ్బల మీద మొలిచే ఉమ్మెత్తలో వున్నవీ యీ జాతి పదార్థాలే. కాని ఉమ్మెత్త విషం. మోతాదు తెలియని ఆకును కడుపునొప్పికని నమలడం ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే.

ముఖ్యమైన రకాలు

ఒకటి, పైన చెప్పిన డైసైక్లోమిన్. రెండు, బస్కోపాన్ పేరుతో దొరికే హయోసిన్ బ్యూటైల్ బ్రోమైడ్. ఇది ఉమ్మెత్త కుటుంబపు మొక్కల్లోని హయోసిన్‌ను మార్చి చేసిన మందు. రక్తంలోకి చేరేది తక్కువ, మెదడులోకి వెళ్ళదు. మూడు, మెబెవెరిన్. ఇది నేరుగా పేగు కండరం మీద పనిచేస్తుంది కాబట్టి నోరు ఎండడం వంటి బాధలు తక్కువ. సాధారణంగా 135 మిల్లీగ్రాముల బిళ్ళ రోజుకి మూడుసార్లు, భోజనానికి 20 నిమిషాల ముందు వేసుకుంటారు. నాలుగు, మన దేశంలో విరివిగా రాసే డ్రోటావెరిన్. ఐదు, పుదీనా జాతి మొక్కనుంచి తీసే పెప్పర్‌మింట్ తైలం. ఇందులోని మెంథాల్ కాల్షియం దారిని మూస్తుంది. పొట్టలో కరగక పేగులో కరిగేలా పూత పూసిన గొట్టాల్లో దీన్ని ఇస్తారు.

ఇవి నిజంగా గుణమిస్తాయా? పెద్దల్లోనే ఏకాభిప్రాయం లేదు. బ్రిటిష్ సంఘం 2021లో, అమెరికా సంఘాల్లో ఒకటి 2022లో "వాడవచ్చు, అయితే ఆధారాల బలం తక్కువ" అన్నాయి. మరో అమెరికా సంఘం 2021లో తమ దేశంలో దొరికే ఆంటీస్పాస్మోడిక్‌లను సిఫారసు చెయ్యలేక, పెప్పర్‌మింట్‌ను మాత్రం వాడిచూడవచ్చని చెప్పింది. దీన్నిబట్టి మనం గ్రహించవలసింది ఒకటే. యీ మందు మెలిని సడలిస్తుంది, జబ్బును కుదర్చదు. నొప్పి వచ్చే రోజుల్లో అక్కరకి వాడుకోవాలి గాని, ఏళ్ళ తరబడి జేబులో బిళ్ళ పెట్టుకు తిరగడానికి కాదు.

పల్నాడులో మూడు హెచ్చరికలు

మొదటిది ఎండ. రెంటచింతల ఎండల సంగతి రాష్ట్రమంతటా తెలిసిందే. డైసైక్లోమిన్ వంటివి పేగునే కాదు, చెమట గ్రంథుల్ని కూడా ఆపుతాయి. చెమట పట్టకపోతే ఒళ్ళు చల్లబడదు. మే నెలలో యీ బిళ్ళ వేసుకుని మిరప కల్లంలోనో, ఉపాధి పనిలోనో, రాళ్ళ క్వారీలోనో మధ్యాహ్నందాకా వుంటే వడదెబ్బకి మనమే తలుపు తీసినట్టు. చూపు మసకబారడం, కళ్ళు తిరగడం కూడా వుంటాయి గనుక బండి నడిపేవారూ జాగ్రత్తపడాలి.

రెండోది పురుగుమందు. చేలో మందు కొట్టి ఇంటికి వచ్చిన మనిషికి కడుపు మెలిపెట్టి, చొంగ, చెమటలు కనబడితే అది ఐ.బి.ఎస్. కాదు. బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్ళు కడిగి వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. నొప్పిబిళ్ళ మింగించి పడుకోబెడితే ప్రాణం నిలిపే సమయం చేజారిపోతుంది.

మూడోది కలగలుపు బిళ్ళలు. డైసైక్లోమిన్‌తో మెఫెనమిక్ యాసిడ్ కలిపినవి బహిష్టు నొప్పికి వాడతారు. ఆ యాసిడ్ జీర్ణాశయపు పొరను గాయపరచగలదు. ఒంటిమీద దద్దుర్లతో మొదలై లోపలి అవయవాలకు పాకే అరుదైన ప్రతిచర్య గురించి ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023లో హెచ్చరించింది కూడా. ఇక మత్తునిచ్చే నొప్పిమందులతో కలిపిన గొట్టాలు మరీ ప్రమాదం. వాటిలో వుండే డెక్స్‌ట్రోప్రాపాక్సిఫీన్‌ను మన దేశంలో 2013లో నిషేధించారు. ట్రామడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. కడుపునొప్పి పేరుతో మొదలై అలవాటుగా మారే దారి అది. ఆ దారి తొక్కే వయసు కాలేజీ వయసేనని మనం మరిచిపోకూడదు.

నీటికాసుల జబ్బు, పెరిగిన ప్రోస్టేటు, పేగు అడ్డుపడడం వున్నవారు డైసైక్లోమిన్, హయోసిన్ జోలికి పోకూడదు. ఆరు నెలలలోపు పసిబిడ్డలకు డైసైక్లోమిన్ చుక్కలు వెయ్యనే కూడదు; ఊపిరి ఆగే ప్రమాదం వుంది. పాలిచ్చే తల్లులూ దీన్ని వాడరాదు.

ప్రతి విరేచనం ఐ.బి.ఎస్. కాదు

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితం ఇక్కడ తలుచుకోవాలి. స్ప్రూ అనే పేగు జబ్బు ఆయన అన్నదమ్ములిద్దర్ని పొట్టన పెట్టుకుంది. తానూ దాని బారినపడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ చికిత్సలో అది యీనాటికీ ఒక భాగం. ఆ అన్నదమ్ములకు వున్నది సడలింపు మందుతో తీరే మెలి కాదు. ఒంటిని లోపలినుంచి తినేసే వ్యాధి. అమీబా, పేగుల క్షయ, థైరాయిడ్ దోషం, పాలు పడకపోవడం, పెద్దపేగు క్యాన్సరు – ఇవన్నీ మొదట్లో ఐ.బి.ఎస్. వేషం వెయ్యగలవు. మలంలో రక్తం, బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, 50 ఏళ్ళు దాటాక కొత్తగా మొదలైన బాధ – వీటిలో ఏ ఒక్కటి వున్నా బిళ్ళ పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

మనం చెయ్యగలిగింది

నెలరోజులు ఒక చిన్న పుస్తకంలో తిన్నదీ, నొప్పి వచ్చిన వేళా రాసుకోండి. డాక్టరుకి అది స్కానింగుకన్నా ఎక్కువ పనికొస్తుంది. పండుమిరప పచ్చడి మానమంటే పల్నాడువాడికి కష్టమే. కాని మిరపలోని కాప్సైసిన్ పేగులోని నొప్పి నరాలనే తట్టిలేపుతుంది. కొన్నాళ్ళు కారం తగ్గించి చూస్తే తప్పేమీ లేదు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పులు కొందరికి గాలి పుట్టిస్తాయి. ఇసబ్‌గోల్ పొట్టు రోజుకి ఒక చెంచాతో మొదలుపెట్టి, నీళ్ళు బాగా తాగితే చాలామందికి మేలు. వేళకు తిండి, కంటినిండా నిద్ర, రోజూ కాస్త నడక – ఇవి మందుల షాపులో దొరికేవి కావు.

డాక్టరు ఇచ్చిన మందును భోజనానికి ముందు, చెప్పిన మోతాదులో, చెప్పినన్ని వారాలే వాడాలి. నెల వాడినా గుణం కనబడకపోతే ఇంకో బిళ్ళ కలపడం కాదు, రోగనిర్ణయం సరైనదా కాదా అని మళ్ళీ ఆలోచించాలి. విద్యార్థి మిత్రులారా, మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఏళ్ళ తరబడి "ఆ తెల్లబిళ్ళ తేరా" అని అంగడికి పంపుతూ వుంటే, ఈసారి బిళ్ళతోపాటు ఒక ప్రశ్న కూడా ఇంటికి తీసుకువెళ్ళండి: యీ నొప్పి అసలేమిటో డాక్టరు ఎవరైనా ఎప్పుడైనా చూశారా?