శశిరేఖ కథయు చలనచిత్రమును: ఆదానప్రదానములు

చలనచిత్రము లోకవృత్తమునకు అద్దమని కొందరును, లోకవృత్తమును దిద్దునది యని మరికొందరును చెప్పుదురు. విడివిడిగా చూచినచో ఈ రెండును అర్ధసత్యములే. ప్రజల నోట నున్నదానిని చిత్రము గ్రహించును; దానికొక స్థిరరూపము కల్పించి మరల ప్రజలకే యిచ్చును. ఈ ఆదానప్రదానములు 1957లో విడుదలయిన 'మాయాబజార్' చిత్రమున స్పష్టముగా కానవచ్చును. అందలి కథను, మాటలను వరుసగా పరిశీలింతము.

మొదట కథ. వ్యాసభారతమున అభిమన్యుని భార్య విరటుని కుమార్తె యగు ఉత్తర. బలరామునకు శశిరేఖ యను కూతురు కలదనిగాని, ఆమెను అభిమన్యుడు పరిణయమాడెననిగాని అందు లేదు. కవిత్రయ భారతమునను లేదు. అయినను తెలుగునాట ఈ కథ నెరుగనివారు అరుదు. తమిళ, మరాఠీ ప్రాంతములందు ఈ కన్యకు వత్సల యని పేరు. కావున ఇది యొక గ్రంథమున పుట్టినది కాక, నోటినుండి నోటికి సాగివచ్చిన కథ యని తలచుట యుక్తము. 1885లో కడప మండలమున ఆవిర్భవించిన సురభి నాటకసమాజమువారి ప్రదర్శనములలో 'మాయాబజార్' ప్రసిద్ధమైనది. 1936లోనే పి.వి. దాసు దర్శకత్వమున ఈ కథ తెలుగు చిత్రముగా వెలువడినది. కె.వి. రెడ్డి దర్శకత్వమున విజయావారు నిర్మించిన 1957 నాటి చిత్రము ఈ పరంపరలోనిదే. ఆ యేడే వెలువడిన తమిళ చిత్రమున నాయిక పేరు వత్సల. ఏ ప్రాంతమున వాడుకలోనున్న పేరును ఆ ప్రాంతమువారికే యుంచిరన్నమాట. ఇంతవరకు చిత్రము ప్రజాసంప్రదాయమునకు ప్రతిబింబమే.

మాటల విషయమున వ్యవహారము తారుమారైనది. పింగళి నాగేంద్రరావు రచించిన సంభాషణలలో 'అసమదీయులు', 'తసమదీయులు' అను మాటలు రాక్షసుల నోట వినబడును. సంస్కృతమున 'అస్మదీయ' శబ్దమునకు 'మాకు సంబంధించిన' అని యర్థము. సంయుక్తాక్షరము విడివడి అది 'అసమదీయ'మైనది. 'రత్నము' 'రతనము'గా మారుట వంటిదే యిది. తచ్ఛబ్దమునుండి ఏర్పడు రూపము 'తదీయ'; 'తస్మదీయ' యను రూపమునకు వ్యాకరణాధారము లేదు. కేవల సాదృశ్యముచే పుట్టిన హాస్యకల్పనమది. చిత్రమేమో యిది. మన పత్రికలు నేడు రాజకీయ పక్షపాతమును వర్ణించుచు 'అస్మదీయులు, తస్మదీయులు' అని నిస్సంకోచముగా వ్రాయుచున్నవి. పరిహాసమునకై పుట్టిన మాట, లోకుల చేతిలో సంయుక్తాక్షరమును తిరిగి పొంది, తత్సమ వేషమున చెలామణి యగుచున్నది. మెచ్చుకొనుట యను నర్థమున 'వీరతాడు వేయుట' యను పలుకుబడి కూడ ఈ చిత్రమువలననే వ్యాపించినది. ఇచట చిత్రము ప్రతిబింబము కాదు, ఉత్పత్తిస్థానము.

ఈ లాభము వెంట ఒక నష్టమును కలదు. ఘటోత్కచుడనగానే ఎస్.వి. రంగారావు రూపము మనసున మెదలనివారు తెలుగువారిలో కొలదిమందియే. చిత్రము దూరదర్శన ప్రసారములద్వారా ఇండ్లకు చేరినది. 2010లో రంగులద్దుకొని మరల థియేటర్లకు వచ్చినది. నోటి కథ చెప్పువారినిబట్టి, వినువారినిబట్టి మారుచుండును. ఫిలిముపైకెక్కిన కథ మారదు. మారని పాఠము ఇంటింట వినబడుచుండగా, మారు పాఠములు మరుగునబడు ప్రమాదమున్నది. 1987లో ప్రసారమారంభమైన 'రామాయణ్' హిందీ ధారావాహిక విషయమున రొమిలా థాపర్ వంటి చరిత్రకారులు వెలిబుచ్చిన ఆందోళనయు ఇట్టిదే: బహువిధములైన రామకథలపై ఒక్క రూపము పెత్తనము వహించునని.

కావున జానపదకథలను సేకరించువారు ఇకమీదట రెండు ప్రశ్నలు తప్పక అడుగవలెను: వక్త ఈ కథను ఎవరివద్ద వినెను? చిత్రమును చూచుటకు ముందా, తరువాతనా? చిత్రచ్ఛాయ కలదని పాఠమును త్రోసిపుచ్చరాదు. అదియు నేటి జానపదమే. అయితే ఛాయ యేది, మూలమేది యని గుర్తింపక కలిపివేసినచో, 1957లో పుట్టినదానిని ప్రాచీనమని, ప్రాచీనమైనదానిని ప్రక్షిప్తమని పొరబడుదుము. చిత్రమునకు పూర్వము ఈ కథను విన్న వృద్ధులు నేడు మిగుల కొలదిమంది. వారి మాటను ముందుగా లిఖించుకొనుట మన తక్షణ కర్తవ్యము.